పురుగూ పుట్రా: గట్టు మీది గరాటు గూళ్లు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సాలీళ్ల గురించే ఉన్నాయి. ఏటా ధనుర్మాసంలో ఇంతే. గూళ్లు ఏడాది పొడుగునా అక్కడే ఉంటాయి, మంచు పడితే గానీ మన కంటికి ఆనవు. అందుకని ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాను. మిడతల గురించీ మిణుగురుల గురించీ రాసినవారు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: టీచర్ గారూ, వరి కోతలయ్యాక మా పొలంలో పెసలు చల్లాం. తెల్లవారి వెళ్లి చూస్తే గట్ల పొడుగునా తెల్లటి రుమాళ్లు ఆరేసినట్టు సాలెగూళ్లు కనబడ్డాయి. ప్రతి గూటికీ ఒక మూల గరాటులా లోపలికి పోయే కన్నం ఉంది. మా మేనల్లుడు ఫోనులో ఒక వీడియో చూపించాడు. ఆస్ట్రేలియాలో గరాటు సాలీడు కరిస్తే మనిషి చనిపోతాడట. అప్పటి నుంచి మా కూలీలు గట్టు మీద కూర్చుని అన్నం తినడం మానేశారు. అవీ ఇవీ ఒకటేనా? వేరైతే ఎలా తెలుసుకోవాలి?
(ఒక రైతు, నరసన్నపేట మండలం)

జవాబు: ఒకటి కావు. మీ గట్టు మీద ఉన్నది ఆస్ట్రేలియా సాలీడుకు దగ్గరి చుట్టం కూడా కాదు. కూలీలను నిశ్చింతగా కూర్చోమనండి. ఈ ఒక్క మాట చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఎలా తెలుసుకోవాలి అని కూడా అడిగారు. ఇన్నేళ్లు జంతుశాస్త్రం పాఠాలు చెప్పినదాన్ని, ఆ ప్రశ్న అడిగినవారిని ఒట్టి చేతులతో పంపలేను.

గూడు ఆకారం చూసి సాలీడు పేరు చెప్పకూడదు. నేల మీద పట్టు పరచి, ఒక మూల సొరంగం కట్టి, దాని మూతి దగ్గర కాచుకుని ఉండటం బాగా గిట్టుబాటయ్యే బతుకుతెరువు. అందుకే ఒకదానితో ఒకటి సంబంధం లేని కుటుంబాలు ఎవరికి వారే ఈ పద్ధతికి వచ్చాయి. ఆస్ట్రేలియావి ఆట్రాసిడే కుటుంబానికి చెందినవి. ఐరోపా, అమెరికాల్లో పచ్చికలోనూ ఇళ్ల మూలల్లోనూ గరాటు గూళ్లు కట్టేవి అజెలెనిడే కుటుంబం. మన గట్ల మీద కనబడేవి హిప్పాసా అనే ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల గుంపుకు, చెందిన సాలీళ్లు. వీటిది లైకోసిడే, అంటే తోడేలు సాలీళ్ల కుటుంబం. ఆ కుటుంబంలో చాలామటుకు గూడు జోలికి పోవు, నేల మీద పరుగెత్తి వేటాడతాయి. హిప్పాసా మాత్రం గూడు కట్టుకుని కాపురం చేస్తుంది.

పోయిన ఆదివారం చీపురుపల్లి దగ్గర మా తమ్ముడి పొలానికి వెళ్లాను. ఆరున్నరకి ఇంకా ఎండ రాలేదు. ఒక గూటి ముందు గొంతుక్కూర్చుని, గరిక పరక కొనతో పట్టు మీద మెల్లగా గీరాను. గరాటు మూతిలో ముందు రెండు కాళ్లు కనబడ్డాయి. ఇంకోసారి గీరాను. రెప్పపాటులో సాలీడు పరక దాకా వచ్చి, దాన్ని ఒకసారి తాకి చూసి, తినేది కాదని తెలియగానే అంతే వేగంతో లోపలికి పోయింది. గమనించండి, అది నడిచిన పట్టుకు జిగురు లేదు. చిక్కుబడే గూడు కాదది, అదురు తెలిపే పరుపు. పురుగు పడి తడబడేలోపే సాలీడు దాని మీద ఉంటుంది. మూడోసారి వచ్చినప్పుడు సొరంగం మూతికి వేలు అడ్డంపెట్టి, పైన గాజు సీసా బోర్లించాను. ఒళ్లు సెంటీమీటరుకు కాస్త ఎక్కువ. మట్టిరంగు, వీపు మధ్య లేతచార, కాళ్ల మీద ముదురు పట్టీలు.

ఇప్పుడు భూతద్దం తీయండి. పదిరెట్లు చూపించేది చాలు. మొదట కళ్లు చూడండి. తోడేలు సాలీడుకు ఎనిమిది కళ్లు మూడు వరసల్లో ఉంటాయి: కింద నాలుగు చిన్నవి, వాటి పైన దీపాల్లా రెండు పెద్దవి, ఆ వెనక తల మీద మరో రెండు. అజెలెనిడే వాటికి ఎనిమిదీ ఇంచుమించు ఒకే పరిమాణంలో, నాలుగేసి చొప్పున రెండు వరసల్లో ఉంటాయి. ఆస్ట్రేలియా వాటికి చిన్నచిన్న కళ్లు నుదుటి మీద ఒకేచోట గుంపుగా ఉంటాయి. ఈ ఒక్క పరీక్షతో మూడు కుటుంబాలూ విడిపోతాయి.

భూతద్దం లేకపోతే రాత్రిపూట వెళ్లండి. టార్చిలైటు కణత పక్కన పెట్టుకుని, వెలుతురు పడే వైపే చూస్తూ గట్టు వెంట నడవండి. తోడేలు సాలీళ్ల కళ్ల వెనక అద్దంలాంటి పొర ఉంటుంది. గడ్డిలో పచ్చటి చుక్కలు మెరుస్తాయి. మొదట మంచుబిందువు అనుకుంటారు. దగ్గరికి వెళ్లగానే చుక్క కదిలిందంటే అది సాలీడే. పిల్లలను వెంట తీసుకెళ్లండి, జీవితాంతం గుర్తుంచుకుంటారు. కాళ్లకు బూట్లు మాత్రం ఉండాలి. గట్ల మీద భయపడవలసింది పాములకు.

తరువాత సీసాను ఎత్తి కడుపు వైపు చూడండి. ఆస్ట్రేలియా గరాటు సాలీడు, మన అడవుల్లోని పెద్ద బొచ్చుసాలీళ్లు పాతకాలపు వంశానివి. వాటికి కడుపు కింద పుస్తకాకార ఊపిరితిత్తులు రెండు జతలు, అంటే నాలుగు లేత మచ్చలు కనబడతాయి. మీ గట్టు సాలీడుకు ఒక్క జతే. కోరలూ వేరే. పాత వంశపువి పికాసుతో తవ్వినట్టు రెండు కోరలనూ పక్కపక్కనే నిలువునా దించుతాయి. కొత్త వంశపువి పటకారులా రెండు పక్కల నుంచి కలిపి పట్టుకుంటాయి.

ఇక ఆ వీడియో సంగతి. అందులోది నిజంగానే ప్రమాదకరమైన సాలీడు. పేరు ఆట్రాక్స్ రోబస్టస్, సిడ్నీ గరాటు సాలీడు అంటారు. మగది ఆడదాని కంటే ఎక్కువ ప్రమాదం. ఎండాకాలపు రాత్రుల్లో జత కోసం తిరుగుతూ ఇళ్లలోకి, బూట్లలోకి దూరుతుంది. దాని విషం నరాల్లో సంకేతాలు నడిపే సోడియం ద్వారాలను మూసుకోనివ్వదు. మనుషుల మీద, కోతుల మీద తీవ్రంగా పనిచేసే ఆ విషం కుక్కలనూ కుందేళ్లనూ పెద్దగా ఏమీ చేయలేదు. అందువల్లనే కుందేళ్ల రక్తం నుంచి విరుగుడు మందు తయారు చేయగలిగారు. ఆ మందు స్ట్రువాన్ సదర్లాండ్ అనే వైద్యుడి కృషి. అంతకుముందు నమోదైన మరణాలు 13. 1981లో మందు అందుబాటులోకి వచ్చాక ఆ సాలీడు కాటుతో ఒక్కరూ చనిపోలేదు. ఆ వీడియోలో విషం గురించి చెప్పి మందు గురించి చెప్పకపోయి ఉంటే అది సగం వార్తే. ఆ కుటుంబపు సాలీడు మన దేశంలో ఒక్కటీ లేదు.

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీలో జంతుశాస్త్రం చదువుతున్నాను. సిడ్నీ గరాటు సాలీడు ఒక జాతి కాదు, మూడు జాతులని 2025లో తేల్చారని చదివాను. నూటయాభై ఏళ్లుగా తెలిసిన సాలీడు ఇప్పుడు మూడెలా అయింది? మా ఊరి గరాటు సాలీడు ఫోటోలు పన్నెండు పంపుతున్నాను. ఏ జాతో చెప్పగలరా?
(ఒక విద్యార్థిని, విజయనగరం)

జవాబు: అమ్మా, నీ ఫోటోలు చక్కగా ఉన్నాయి. ఏడో ఫోటోలో కళ్ల వరసలు స్పష్టంగా కనబడుతున్నాయి కాబట్టి హిప్పాసా అని ధైర్యంగా చెప్పగలను. జాతి పేరు మాత్రం చెప్పను. ఎందుకు చెప్పనో అర్థం కావాలంటే నీ మొదటి ప్రశ్నకు జవాబు కావాలి.

ఆట్రాక్స్ రోబస్టస్‌కు ఆ పేరు పెట్టి వర్ణించింది ఆక్టేవియస్ పికార్డ్ కేంబ్రిడ్జ్ అనే ఇంగ్లండు మతాచార్యుడు, 1877లో. తరువాత 1914లో సిడ్నీకి పడమటనున్న కొండల సాలీడును రెయిన్‌బో అనే శాస్త్రవేత్త వేరే జాతిగా వర్ణించాడు. ఆ తరువాతివారు అది కూడా రోబస్టసేనని దాని పేరును కొట్టివేశారు. ఈలోగా న్యూకాజిల్ పట్టణం చుట్టుపక్కల మామూలు వాటికంటే బాగా పెద్ద మగ సాలీళ్లు దొరుకుతున్నాయని కేన్ క్రిస్టెన్‌సెన్ అనే సాలీళ్ల సంరక్షకుడు గమనించాడు. కాళ్లు చాపితే తొమ్మిది సెంటీమీటర్ల దాకా ఉన్నాయవి. స్టెఫనీ లోరియా, డానిలో హార్మ్స్ బృందం పాత, కొత్త నమూనాలన్నీ ముందు పెట్టుకుని, శరీర నిర్మాణాన్నీ డీఎన్ఏనూ కలిపి పరిశీలించింది. సిడ్నీది రోబస్టస్‌గానే ఉంది. కొండలది మోంటానస్ అన్న తన పాత పేరు తిరిగి తెచ్చుకుంది. న్యూకాజిల్‌ది మాత్రమే నిజంగా కొత్త పేరు, క్రిస్టెన్‌సెని. కొత్త సాలీడు పుట్టుకొచ్చిందని వార్తల్లో రాశారు గానీ, అది ఎప్పటి నుంచో అక్కడే ఉంది. తప్పంతా అన్నిటికీ ఒకే చీటీ అతికించడంలో జరిగింది.

వాళ్లు వేటిని చూశారో గమనించు. కేవలం పెద్దగా ఉందని వేరు చేయలేదు. తిండి బాగా దొరికిన సాలీడు పెద్దదవుతుంది, దొరకనిది చిన్నగా ఉండిపోతుంది. నలుపు, గోధుమ అన్న తేడా కూడా నమ్మదగింది కాదు. కుబుసం విడిచిన వెంటనే లేతగా ఉండి తరువాత ముదురుతుంది. దగ్గరి జాతులను విడదీయడానికి సాలీడు శాస్త్రవేత్తలు ముఖ్యంగా నమ్ముకునేది సంతానాంగాలను. మగ సాలీడుకు నోటి పక్కన చిన్న కాళ్లలా రెండు పెడిపాల్పులు ఉంటాయి. వాటి కొసన ఉల్లిపాయ ఆకారంలో ఒక బుడిపె, దాని నుంచి సన్నటి మొన. మగది వీర్యాన్ని అందులోకి ఎక్కించుకుని ఆడదానికి అందిస్తుంది. న్యూకాజిల్ మగ సాలీళ్లలో ఆ బుడిపె తక్కిన రెండు జాతుల కంటే స్పష్టంగా పొడవు. ఆ తేడా ఒకచోట ఒక సాలీడులో కాక, ఆ ప్రాంతపు మగవాటన్నిటిలో కనబడటం, డీఎన్ఏ కూడా అదే గీత దగ్గర విడిపోవడం, ఇవి రెండూ కుదిరాకే కొత్త పేరు పెట్టారు.

హిప్పాసాలోనూ దారి ఇదే. మన దేశంలో హిప్పాసా అజెలెనాయిడిస్, గ్రీనల్లియే, హోల్మెరే వంటి జాతులు ఉన్నాయి. ఈ ప్రజాతికి 1885లో యూజీన్ సిమోన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పేరు పెట్టాడు. పై నుంచి తీసిన ఫోటోలో ఇవన్నీ అక్కచెల్లెళ్లలా ఉంటాయి. విడదీయాలంటే మగదాని పెడిపాల్పు బుడిపెను, ఆడదాని కడుపు కింద ఊపిరితిత్తుల మచ్చల మధ్యనున్న గట్టి పెంకులాంటి జననాంగాన్ని సూక్ష్మదర్శినిలో చూడాలి. నువ్వు పంపిన పన్నెండు ఫోటోల్లో కడుపు వైపు ఒక్కటీ లేదు. పైగా తొమ్మిదో ఫోటోలోది మగపిల్ల, ఇంకా ఒక కుబుసం బాకీ ఉంది. పెడిపాల్పు కొస బాక్సర్ చేతి తొడుగులా ఉబ్బి, నున్నగా ఉంది చూడు. ఆఖరి కుబుసం విడిస్తే గానీ లోపలి నిర్మాణం బయటపడదు. పసివాటిని చూసి జాతి చెప్పడం ఎవరి వల్లా కాదు.

ఇది నాకు ఎవరో చెబితే వచ్చిన బుద్ధి కాదు. ఎంఎస్సీ చదివే రోజుల్లో నాగావళి ఒడ్డున ఏరిన రెండు సాలీళ్లను, ఒకటి ముదురు రంగు, ఒకటి లేత రంగు, రెండు సీసాల్లో పెట్టి రెండు జాతుల పేర్లు రాసి మా గురువుగారికి ఇచ్చాను. ఆయన ఏమీ అనకుండా రెండింటినీ సూక్ష్మదర్శిని కింద పెట్టి, నన్ను చూడమని పక్కకు జరిగారు. రెండూ ఆడవి. లేతదానికి ఆ పెంకు ఇంకా ఏర్పడనే లేదు. అది పిల్ల. దానికి నేను రాసిన పేరుకు ఆధారం రంగు ఒక్కటే. ఆ చీటీ నా చేతనే చింపించి, ప్రజాతి పేరు వరకు రాసి, పక్కన 'పిల్ల' అని రాయించారు. ఆ రెండో చీటీ ఇప్పటికీ నా దగ్గరుంది. అంతర్జాలంలో ఎవరైనా నీ ఫోటో చూసి క్షణంలో జాతి పేరు చెబితే, ఏ గుర్తు చూసి చెప్పారని అడుగు. జవాబు రంగో పరిమాణమో అయితే ఆ పేరు రాసుకోకు.

జాతి దాకా వెళ్లాలన్న పట్టుదల ఉంటే మీ కళాశాల వారి అనుమతితో, ఎదిగిన మగదాన్నీ ఆడదాన్నీ ఒక్కొక్కటి డెబ్బై శాతం ఆల్కహాలులో భద్రపరచు. చీటీ పెన్సిలుతో రాసి సీసా లోపలే వెయ్యి. సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది, బయట అతికించింది ఊడిపోతుంది. ఊరు, తేదీ, గట్టు మీదా పొలం లోపలా, గూడు నేల నుంచి ఎంత ఎత్తు, ఇవన్నీ రాయి. చోటు రాయని నమూనా ఎంత బాగున్నా పనికిరాదు. మోంటానస్ పేరు నూటపదేళ్ల తరువాత తిరిగి రాగలిగిందంటే, ఏ సాలీడు ఎక్కడిదో ఆనాటివారు రాసి ఉంచబట్టే.

ప్రశ్న: గట్ల మీద గడ్డికి మందు కొట్టి ఈ గూళ్లన్నీ పోగొడదామని మా ఊళ్లో కొందరు అంటున్నారు. మంచిదేనా?
(ఒక పాఠకుడు, రాజాం)

జవాబు: దయచేసి కొట్టకండి. వరి రసం పీల్చే పురుగులైన సుడిదోమను, పచ్చదోమను తిని బతికేవాటిలో తోడేలు సాలీళ్లు ముందు వరసలో ఉంటాయి. దోమకని కొట్టిన మందు సాలీళ్లను ముందు చంపుతుంది. దోమ గుడ్లు వరి ఆకు తొడుగుల్లో భద్రంగా ఉంటాయి. పది రోజుల్లో పిల్లలు బయటికి వచ్చేసరికి తినేవాళ్లు ఎవరూ ఉండరు. మందు కొట్టాక దోమ రెట్టింపయిందని రైతులు చెప్పే మాట నిజమే, కారణం ఇదే. ఇండోనేషియాలో ఈ బాధ పడలేక 1986లో వరి మీద 57 రకాల పురుగుమందులను ప్రభుత్వమే నిషేధించింది. కోత అయ్యాక పొలం ఖాళీ అయినప్పుడు ఈ సాలీళ్లు తలదాచుకునేది గట్టు గడ్డిలోనే. మళ్లీ ఊడ్పుల నాటికి పొలంలోకి దిగేదీ అక్కడి నుంచే. గడ్డి మరీ పెరిగితే కొడవలితో ఒక పక్క కోసి, రెండో పక్క పదిహేను రోజులాగి కోయండి.

ప్రశ్న: మా పాప మెడ మీద రాత్రికి రాత్రి ఎర్రటి చారలా పొక్కులు లేచాయి. సాలీడు పాకిందని పెద్దవాళ్లు పసరు పూయమంటున్నారు.
(ఒక తల్లి, బొబ్బిలి)

జవాబు: పూయకండమ్మా. సాలీడు పాకితే పొక్కులు రావు. వానాకాలంలోనూ కోతల ముందూ దీపాల దగ్గరికి వచ్చే సన్నటి, నారింజ నలుపు పట్టీల పురుగు ఒకటుంది, పెడెరస్ అంటారు. అది కుట్టదు. ఒంటి మీద వాలినప్పుడు నలిపితే దాని రక్తంలోని రసం అంటుకుని, ఒకటి రెండు రోజుల్లో గీత గీసినట్టు కాలుతుంది. వాలితే నలపకుండా ఊది, ఆ చోటు సబ్బుతో కడగండి. పొక్కులు ఒంటికి ఒక పక్కనే పట్టీలా వచ్చి మంట, సలుపు ఉంటే అది సర్పి కావచ్చు. సర్పికి మందు మూడు రోజుల్లోపు మొదలుపెడితే మేలు. ఏదైనా ముందు డాక్టరుకు చూపించండి. ఇంకొక మాట. నేల మీద పడుకున్నవారికి రాత్రి ఏదో కరిచి, ఏం కరిచిందో కనబడకపోతే సాలీడని సరిపెట్టుకోకూడదు. కట్లపాము కాటు నొప్పి తెలియదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ప్రశ్న: ఫోటో జతచేశాను. గరాటు మూతి దగ్గర సాలీడు, వెనక తెల్లటి ఉండ. ఇదేమిటి?
(పేరు రాయలేదు, టెక్కలి)

జవాబు: ఆ ఉండ గుడ్ల సంచి. పట్టు తీసే గొట్టాలకు అతికించుకుని మోస్తున్నది చూడండి, అది తోడేలు సాలీళ్ల అలవాటు. అజెలెనిడే ఆడది సంచిని గూట్లోనే ఉంచుతుంది, వెంట మోయదు. కళ్లు కనబడకపోయినా ఈ ఒక్క గుర్తుతో హిప్పాసా ఆడది అని రాసుకోవచ్చు. కొద్ది రోజుల్లో తల్లి సంచి అంచును విప్పుతుంది, పిల్లలన్నీ దాని వీపు మీదికి ఎక్కుతాయి. గూటిని కదపకుండా రోజూ తెల్లవారుజామున వెళ్లి చూడండి. ఎక్కిన రోజు ఇంకో ఫోటో పంపండి.